పెట్టెలో దాచిన పదకొండు చీరలు

పోయిన వారం మనం నాగజ్యోతిని చీరాలలో, పుట్టింటి వెనక గదిలో, ఇనప్పెట్టె ముందు నోరు తెరుచుకుని ఉండగా వదిలేసి వచ్చాం. నిజానికి అలా నోరు తెరిచి కూర్చునే మనిషి కాదావిడ. పన్నెండేళ్ళుగా ఆర్టీసీలో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో టికెట్టు తీయనివాడిని మొహం చూసి పట్టేస్తానని ఆవిడకి మహా ధీమా. ఆ ధీమాతోనే చెల్లెలి జబ్బు సంగతి కూడా డాక్టర్లకి మూడేళ్ళుగా తనే చెబుతూ వచ్చింది.

చెల్లెలు తేజశ్రీకి ఇరవై ఆరేళ్ళు. తండ్రి చెంచయ్య మగ్గం పక్కనే ఇంకో మగ్గం వేసుకుని నేస్తుంది. తల్లి పిచ్చమ్మ పోయేనాటికి తేజకి తొమ్మిదేళ్ళు, ఆనాటి నుంచీ అక్కే అమ్మ. మూడేళ్ళ కిందట మొదటి డాక్టరు, కొన్ని వారాలు పట్టలేని హుషారు, ఆ తర్వాత నెలల నీరసం అని నాగజ్యోతి చెప్పిందంతా శ్రద్ధగా విని, బైపోలార్ అని రాసి లిథియం మాత్రలు మొదలుపెట్టాడు. తేజ కోపాలూ ఏడుపులూ తగ్గలేదు కానీ చేతులు వణకడం మొదలైంది. మగ్గంలో అటూ ఇటూ నాడె విసిరే చెయ్యి వణికితే నేతగత్తెకి ఇంకేం మిగులుతుంది? అందుకే గుంటూరులో ఆయేషా అనే కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ రెండుసార్లు చూసి, "మీరు చెప్పే కథకీ, ఈ అమ్మాయికీ పొంతన కుదరడం లేదు. ఈసారి మీ నాన్నగారిని కూడా తీసుకురండి" అంది. తండ్రిని తీసుకెళ్దామని పొద్దున్నే వచ్చిన నాగజ్యోతి, ఆయన ఆధార్ కార్డు కోసం పెట్టె మూత ఎత్తింది. కార్డు లేదు. పదకొండు చీరలున్నాయి.

సరిగ్గా అప్పుడే చెంచయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏంది నాన్నా ఇవి?"

"చీరలమ్మా."

"చీరలని కనపడతానే ఉంది. ఎవరు నేశారని అడుగుతున్నా."

"ఇంకెవరు, తేజే. చెడిపోయినయ్యిలే. మూసెయ్ పెట్టె, బస్సుకి టైమయింది."

నాగజ్యోతి పెట్టె మూయలేదు. ఒక చీర తీసి తొడ మీద పరిచింది. నేత ఒకచోట దుప్పటిలా గట్టిగా, ఒకచోట దోమతెరలా పల్చగా ఉంది. "ఎప్పుడు నేసింది?"

చెంచయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆవిడ వదల్లేదు. కదిపి కదిపి అడిగితే చివరికి చెప్పాడు. శ్రావణంలో మూడట, వైశాఖంలో రెండట, అంతకు ముందు సంవత్సరం ఆషాఢంలో నాలుగట. మిగతా రెండిటి సంగతి దాటేశాడు. ఒక్కో నెల పేరు వినపడేకొద్దీ నాగజ్యోతికి తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అవే నెలల్లో, తేజ మగ్గం దిగి మంచం ఎక్కిందనీ, నెల పొడుగునా ముసుగు తన్ని పడుకుందనీ ఈ తండ్రే తనకి ఫోనులో చెప్పాడు. తను ఆ మాటే తీసుకెళ్ళి డాక్టరుకి అప్పజెప్పింది.

"పడుకుందన్నావుగా నాన్నా! ఎందుకు అబద్ధం చెప్పావు?"

"మరేం చెప్పమంటావే?" చెంచయ్య గొంతు కూడా లేచింది. "ఒంట్లో బాగాలేక పడుకుంది అంటే షావుకారు అయ్యోపాపం అంటాడు. నేసి చెడగొట్టింది అంటే మళ్ళీ దాని చేతికి నూలు ఇస్తాడా? ఈ పేటలో ఒక్కసారి చెయ్యి మంచిది కాదని పేరు పడితే పోద్దా? ఆడపిల్ల చేతికి చెడ్డపేరు రాకుండా దాచాను. తప్పా?"

"డాక్టరు దగ్గర కూడానా?"

"డాక్టరుకి చెప్పింది నువ్వు కదమ్మా. నన్నెవరడిగారు?"

మాట తగలాల్సిన చోటే తగిలింది. నిజమే, ఆయన్ని ఎవరూ అడగలేదు. నాగజ్యోతి కాపురం ఒంగోలులో, ఉద్యోగం రోడ్డు మీద. చెల్లెలు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆవిడకి ఒకటే కొలత ఉండేది. ఫోను చేసి, "ఈ నెల ఎన్ని చీరలు వెళ్ళినయ్ నాన్నా?" అని అడిగేది. నాలుగు వెళ్ళాయంటే చెల్లెలు హుషారుగా ఉన్నట్టు. ఒక్కటీ వెళ్ళలేదంటే పడుకున్నట్టు. నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషికి అంతకంటే నమ్మకమైన కొలత ఏముంటుంది? ఇంట్లోంచి బయటికి వెళ్ళని చీరలు కూడా ఉంటాయని మాత్రం తట్టలేదు.

ఇంతలో తేజ వచ్చింది. పెట్టె చూసింది, అక్క ఒళ్ళో చీర చూసింది, మొహం కందగడ్డ అయిపోయింది. "ఎవరు తియ్యమన్నారు నిన్ను? నా దరిద్రమంతా బయట పరుస్తావా? పో, మీ ఇంటికి పో! నువ్వూ వద్దు, నీ డాక్టరూ వద్దు!" అని అరిచి, తలుపు ధడాలున వేసుకుంది. గదిలోంచి వెక్కిళ్ళు వినిపించాయి. చెంచయ్య పెద్దకూతురి వంక, "చూశావా" అన్నట్టు చూశాడు. నాగజ్యోతి పట్టించుకోకుండా చీరలన్నీ దుప్పటిలో వేసి మూట కట్టింది. పావుగంట తర్వాత తలుపు తీసుకుని తేజ జడ వేసుకుంటూ బయటికి వచ్చి, "అక్కా, కిటికీ పక్క సీటు నాకే" అంది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, గొంతులో మాత్రం కోపం ఊసే లేదు. నువ్వు నిజంగా వెళ్ళిపోవు కదా అన్నట్టు అక్క కొంగు పట్టుకుంది. నాగజ్యోతి ఆ కొంగు విడిపించుకోలేదు.

బస్సులో చెంచయ్య ఊరుకుంటేనా! బాపట్ల దాటేలోపే ముందు సీటు మిరపరైతుకి మగ్గం పని మొత్తం బోధించాడు. పొన్నూరు వచ్చేసరికి పేటలో ఆడపిల్లలందరికీ నేత నేర్పే బడి పెడుతున్నట్టు చెప్పి, ఆ రైతు కూతురికి ఆ బడిలో సీటు కూడా ఇచ్చేశాడు. గుంటూరు పొలిమేరలో మిరప ఘాటుకి బస్సంతా తుమ్ముతుంటే ఆయన మాత్రం తుమ్ముల మధ్యలో కూడా మాట ఆపలేదు. నాగజ్యోతి పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. చేసింది చేసి ఇంత హాయిగా ఎలా ఉన్నాడీయన, అని ఒళ్ళు మండిపోయింది.

కొత్తపేట సందులో మేడ మీద డాక్టర్ ఆయేషా క్లినిక్. నలభై ఏళ్ళుంటాయి ఆవిడకి. పుట్టిందీ పెరిగిందీ గుంటూరులోనే కాబట్టి రోగి ఏ ఊరివాడైనా గుంటూరు మాటే మాట్లాడుతుంది. ముందుగా తేజని ఒక్కదాన్నే లోపలికి పిలిచి ముప్పావుగంట మాట్లాడింది. తర్వాత మిగతా ఇద్దరినీ రమ్మంది. నాగజ్యోతి లోపలికి వెళుతూనే మూట బల్ల మీద పెట్టి, తప్పు చేసిన పిల్లని స్కూలుకి లాక్కొచ్చినట్టు తండ్రిని ముందుకు నెట్టి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఒక్క నిమిషం. మీ చెల్లికి హుషారు వస్తే రెండు మూడు వారాలు ఉంటుందని చెప్పారు. అది మీరు కళ్ళతో చూసిందా?"

"చీరలు వెళ్ళినయ్ కదండీ."

"నీరసం వస్తే నెలంతా ఉంటుందన్నారు."

"చీరలు... వెళ్ళలేదు కదండీ." రెండోసారి ఆ మాట అంటున్నప్పుడు నాగజ్యోతి గొంతు దిగిపోయింది.

డాక్టరు లేచి, రోగుల్ని పడుకోబెట్టే మంచం మీద శుభ్రమైన దుప్పటి వేసింది. "పరవండి పెద్దాయనా. నాకు నేత రాదు. మీరే చెప్పాలి."

చెంచయ్యకి అంతకంటే కావాల్సింది ఏముంది! ఆకుపచ్చ చీర ఒకటి విప్పి డాక్టరు చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించాడు. "ఇక్కడ తడమండమ్మా. పేక, అదే అడ్డపోగు, దగ్గరికి కొట్టే దెబ్బ గట్టిగా పడింది, అట్టలా ఉంది. జానెడు దాటాక చూడండి, కింద పెట్టిన వేలు కనపడతా ఉంది. చెయ్యి ఊరికే ఆనించింది, దెబ్బే లేదు. మళ్ళీ ఇక్కడ గట్టి. నేసేవాళ్ళ మనసు ఎట్టా ఉంటే దెబ్బ అట్టా పడుద్ది. మంచి నేతగాడు ఆ తేడా చీరలోకి రానివ్వడు. ఈ పిల్ల ఆపుకోలేకపోయింది."

"మాత్రల వణుకు వల్ల కాదా నాన్నా అది?" నాగజ్యోతి అడ్డొచ్చింది.

"వణికితే అంచు వంకర పోద్దే, మధ్యలో నేత కాదు. పైగా ఈ ఆకుపచ్చది మాత్రలు మొదలెట్టక ముందుది."

డాక్టరు అంచు మీద వేలు ఆపింది. అక్కడ చిన్న ఎర్రదారం ముడి ఉంది. మూరన్నర దూరంలో ఇంకో ముడి. "ఇవేంటి?"

"పొద్దున మగ్గం ఎక్కగానే ఆ రోజు మొదలెట్టిన చోట ముడేస్తామమ్మా. మా నాయన పెట్టిన అలవాటు. రోజుకి ఎంత నేశామో మనకి మనం చూసుకోడానికి."

"అంటే ఈ ముడికీ ఆ ముడికీ మధ్య ఉన్నది ఒక్క రోజు పని."

"ఒక్క రోజే."

డాక్టరు వంగి, చూపుడువేలు కదుపుతూ మెల్లిగా లెక్కపెట్టింది. ఒక్క రోజులో నేత అయిదుసార్లు మారింది. పక్క రోజు నాలుగుసార్లు. ఆ పక్క రోజు పొద్దుట నుంచీ సాయంత్రం దాకా ఒక్కలాగే, చక్కగా ఉంది. వంగపండు రంగు చీర విప్పారు, పసుపుది విప్పారు. ఎక్కడ చూసినా అదే తీరు. వారాల కొద్దీ గట్టిగా, నెలల కొద్దీ పల్చగా ఉన్నది ఒక్కటీ లేదు.

అప్పటిదాకా గోడవారగా నిలబడ్డ తేజ ముందుకు వచ్చింది. పసుపు చీర మీద ఒక చోట చెయ్యి పెట్టింది. "ఇది శ్రావణ శుక్రవారం నాడు. పొద్దున అక్క ఫోన్ చేసి, మధ్యాహ్నం వస్తానంది. ఇదిగో, ఇక్కడిదాకా ఎంత బాగుందో చూడండి. ఒంటిగంటకి డ్యూటీ పడింది, రానని మెసేజ్ పెట్టింది. ఇక్కడ. కొట్టిన దెబ్బకి పోగులు తెగినయ్. రెండింటికల్లా, అక్కకి నేనంటే అసహ్యం, అందుకే రాలేదు, ఇంక ఎప్పటికీ రాదు అనుకున్నా. ఈ పల్చటిదంతా అదే. చెయ్యి ఎత్తబుద్ధి కాలా. బతకబుద్ధి కూడా కాలా. సాయంత్రం అయిదింటికి ఎట్టాగో డ్యూటీ మార్చుకుని అక్క వచ్చింది. మైసూర్‌పాకు తెచ్చింది. ఆ చివర జానెడు చూడండి, మళ్ళీ సమంగా ఉంది."

నాగజ్యోతికి ఆ శుక్రవారం గుర్తుంది. ఆవిడకి గుర్తున్నది మైసూర్‌పాకు, చెల్లెలి నవ్వు మొహం, తనని చూసి ఆ పూటకి మంచం దిగిందనుకోవడం, అంతే. "ఒక్క మెసేజ్‌కా తేజా?" అంది నమ్మలేక.

"నీకు ఒక్క మెసేజే అక్కా. నాకు అమ్మ రెండోసారి పోయినట్టు అనిపించింది."

నాగజ్యోతి ఆ పల్చటి నేత మీద వేలు పెట్టి తడిమింది. మూడేళ్ళు చెల్లెలి తరఫున తను మాట్లాడింది. ఆ పిల్ల చెప్పడానికి ఇంత ఉందని, ఇంత చక్కగా చెప్పగలదని ఊహించనైనా లేదు.

డాక్టరు అందరినీ కూర్చోమంది. "చీర చూసి జబ్బు పేరు పెట్టే డాక్టర్ని కాదు నేను. తేజతో మూడుసార్లు వివరంగా మాట్లాడాను. కాకపోతే నాకు అడ్డుపడుతున్న ముడి ఒకటి ఈ చీరలతో విడిపోయింది. బైపోలార్ అయితే ఉద్రేకం వచ్చిందంటే రోజుల తరబడి ఉంటుంది. కనీసం నాలుగు రోజులు, వారం, ఒక్కోసారి నెలలు. దిగులూ అంతే, వారాలు. దానికి ఎవరో రాలేదని, ఏదో అన్నారని కారణం ఉండాల్సిన పని లేదు. ఉద్రేకంలో మనిషి నిద్ర లేకపోయినా అలసిపోడు. అది తగ్గాక మామూలుగా ఉంటాడు. తేజకి అలా కాదు. మనసు గంటల్లో పైకీ కిందకీ వెళుతుంది. వెళ్ళిన ప్రతిసారీ దాని వెనక ఒక మనిషి ఉంటున్నాడు. వదిలేస్తారేమోనన్న భయం ఉంటోంది. అది తగ్గాక, నేనసలు ఎవర్ని, నాలో ఏమీ లేదే అన్న ఖాళీ ఉంటోంది. దీన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటాం."

ఆ మాటతో నాగజ్యోతి చివాలున లేచింది. "పర్సనాలిటీనా? అంటే ఏందండీ, మా చెల్లెలు మనిషే మంచిది కాదనా? బుద్ధి వంకరనా? దానికంటే ఆ మొదటి పేరే నయం. జబ్బు అంటే జనం జాలిపడతారు. ఇది చెబితే పొగరు అంటారు!"

"అక్కా, కూర్చో" అంది తేజ.

"నువ్వుండు. పెంచింది నేను. దీని మనసు ఎంత మెత్తనో నాకు తెలుసు."

"నాకూ తెలుసు" అంది డాక్టరు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "మీ నాన్న షావుకారు ముందు చేసిందే మీరూ చేస్తున్నారు. చెడ్డపేరని భయపడి ఉన్నది దాచేస్తామంటే ఎలా? ఇది బుద్ధి వంకర కాదు. మనకి గిల్లినంత నొప్పి పుట్టే చోట తనకి కాలినంత నొప్పి పుడుతుంది. అది తను ఎంచుకుంది కాదు, నటన అంతకంటే కాదు. పేరులో ఆ మాట ఉండటం దురదృష్టం. ఆ పేరు పెట్టింది నేను కాదు కాబట్టి నా మీద అరవకండి."

నాగజ్యోతి అసంకల్పితంగా కూర్చుంది. బస్సులో తను మాట్లాడే తీరులో తనతో మాట్లాడిన మనిషి ఆవిడకి చాలా ఏళ్ళకి తగిలింది. లోపల ఎక్కడో నచ్చింది కూడా.

"సరే. మరి మూడేళ్ళు మింగిన మాత్రలు?"

"మొదటి డాక్టరుని తప్పు పట్టను. మీరు చెప్పింది వింటే నేనైనా ఆ పేరే రాసేదాన్ని. రెండూ పైకి ఒక్కలాగే కనపడతాయి, కోపం, ఏడుపు, తెగింపు. తేడా అంతా అది ఎంతసేపు ఉంది, ఎందుకు వచ్చింది అన్న దాంట్లో ఉంటుంది. కొందరికి రెండూ కలిసి ఉంటాయి కూడా, అందుకే తొందరపడను. మాత్రలు ఇవాళే మానెయ్యొద్దు, మీ అంతట మీరు అసలే మానొద్దు. రక్తపరీక్ష చేయిద్దాం, అన్నీ సరిపోతే నెలల మీద కొంచెం కొంచెం తగ్గిద్దాం. దీనికి అసలు మందు మాట. వారం వారం ఇక్కడికి రావాలి. ఒంటిగంటకి ఆ మెసేజ్ వచ్చినప్పుడు అయిదింటి దాకా ఎలా నిలబడాలో నేర్పిస్తాం. బతకబుద్ధి కానప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇవాళే రాసుకుందాం. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. కానీ నేర్చుకున్నవాళ్ళు బాగుపడతారు తేజా. చాలామందిని చూశాను."

తేజ రెండు చేతులూ చాపి చూసుకుంది. "వణుకు పోద్దా మేడమ్? మళ్ళీ మంచి చీర నెయ్యగలనా?"

"మాత్రల వల్ల వచ్చిన వణుకైతే తగ్గుతుంది."

తేజ మొహం విప్పారింది. ఆ మొహం చూశాక పేరు గురించిన పౌరుషం నాగజ్యోతికి చప్పున చల్లారిపోయింది. పేరు ఏదైతేనేం? వారం వారం చీరాల నుంచి గుంటూరు తీసుకురావడం తనకో లెక్కా? డ్యూటీలు ఎలా మార్చుకోవాలో అప్పుడే మనసులో వేసేసుకుంది. "నేర్చుకుందాంలే తేజా, నేనూ నేర్చుకుంటా. రాలేనప్పుడు మెసేజ్ పెట్టి ఊరుకోను, ఫోన్ చేసి ఎప్పుడొస్తానో చెబుతా" అంది. ఇంత తేలిగ్గా గాలి పీల్చుకుని ఆవిడకి ఎన్నాళ్ళయిందో.

డాక్టరు చీరలు మడవడానికి సాయం చేస్తూ ఆగిపోయింది. మూట అడుగున ఒక చీర ఇంకా విప్పకుండానే ఉంది. నేరేడుపండు రంగు. "ఇది చూడలేదే?"

"అదేం లేదులెండి" అంటూ చెంచయ్య చెయ్యి చాచాడు. అప్పటికే ఆవిడ కొస పట్టి లాగింది. చీర విప్పుకుంటూ పోయింది. మంచం నిండింది, కింద నేల మీదికి జారింది, గుమ్మం దాకా పోయింది. మామూలు చీరకి రెండింతలు ఉంది. దానికి కొంగు లేదు. ఒక చీర అయిపోయింది, ఇక్కడ ఆపి కొంగు వెయ్యాలి అన్న ధ్యాసే లేకుండా నేసుకుంటూ పోయారు. నేత మాత్రం ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్కలాగే, నీళ్ళు పోస్తే నిలిచేంత గట్టిగా ఉంది. జానెడు పల్చన లేదు. డాక్టరు అంచు పొడుగునా వెతికింది.

"దీనికి మొదట్లో ఒక్కటి తప్ప ఎర్రదారాలు లేవేం?"

"మగ్గం దిగితేనే కదండీ మళ్ళీ పొద్దున ఎక్కి ముడి వేసేది" అంది తేజ నెమ్మదిగా.

నాగజ్యోతి చీర కొస పట్టుకుని గుమ్మం దాకా చూసింది. అంటే రోజుల తరబడి, నిద్ర లేకుండా, ఆగకుండా. ఇంతసేపూ డాక్టరు వివరించిన ఆ బైపోలార్, తమకి లేదన్న జబ్బు, ఇదిగో నేల మీద ఇంత పొడుగున పరుచుకుని ఉంది. డాక్టరు మొహంలో కూడా నవ్వు పోయింది. "తేజా, ఇది నేసి ఎన్నాళ్ళయింది? ఆ రోజుల్లో నీకు ఎలా అనిపించిందో గుర్తుందా?"

"అది నేను నెయ్యలేదు మేడమ్. నాన్న నేశాడు."

చెంచయ్య ఏదో అనబోయాడు. తేజ ఆగలేదు. "పోయిన కార్తీకంలో. నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు. అన్నం మగ్గం దగ్గరికే పట్టుకెళ్ళాను. తింటూ కూడా మాట్లాడుతూనే ఉన్నాడు. నిద్ర సోమరిపోతులకి అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఎక్కడికీ వెళ్ళిపోలేదు. ఊరికే అట్టా వచ్చింది. తర్వాత ఉగాది దాకా గోడవైపు తిరిగి పడుకున్నాడు. వయసు మీద పడింది అనుకున్నాం."

డాక్టరు నాగజ్యోతి వైపు తిరిగింది. "ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా?"

"ఊపు వచ్చేది" అంది నాగజ్యోతి, ఆలోచించకుండా. "అమ్మ ఆ మాటే అనేది, మీ నాన్నకి ఊపొచ్చింది, ఎదురు మాట్లాడకండి అని. రెండు మూడు వారాలు ఉండేది. తర్వాత నెల, రెండు నెలలు పడుకుని..." మాట అక్కడే ఆగిపోయింది. రెండు మూడు వారాల హుషారు, నెలల నీరసం. మూడేళ్ళుగా చెల్లెలి పేరు చెప్పి తను డాక్టర్లకి అప్పజెబుతున్నది ఎవరి కథో ఆవిడకి ఆ క్షణంలో అర్థమైంది. మనసు బాగాలేకపోవడమంటే ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ చూసింది ఒక్క మనిషిలోనే. చెల్లెలికీ అదే కొలత పెట్టేసింది.

డాక్టరు తేజ ఫైలు మూసి పక్కన పెట్టింది. సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసింది. "చెంచయ్యగారూ, నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు?"

చెంచయ్య చీరల్ని మడతలు కూడా పెట్టకుండా మూటలో కుక్కుతున్నాడు. "నాకేమమ్మా, గుండ్రాయిలా ఉన్నా. పదండే, నాలుగింటి బస్సు పోతే మళ్ళీ దొరకదు."

"నాలుగింటికి చీరాల బస్సు లేదు నాన్నా" అంది నాగజ్యోతి. లేచి వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

ఆయన పెద్దకూతురి వంక చూడలేదు. తేజ వంక చూశాడు. నోరు తెరిచావా, నీకూ నాకూ మాటల్లేవు అన్న చూపు అది. ఈ ప్రపంచంలో ఆ పిల్ల దేనికైనా భయపడుతుందంటే అలాంటి చూపుకే భయపడుతుంది. చేతులు రెండూ ఒళ్ళో గట్టిగా బిగించి పట్టుకుంది.

"నాన్న నిద్రపోక ఇవాల్టికి అయిదో రోజు మేడమ్" అంది. "ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు."